చారల రాయిలో అమ్మ

అనగనగా ఒక రాజు. రాజంటే మరీ అంత గొప్ప రాజేం కాదు. పొద్దున్నే గుర్రమెక్కి బయల్దేరితే భోజనాల వేళకి రాజ్యం అయిపోయేది. ఆ రాజ్యం పేరు గులకవరం. అక్కడి ఏటి ఒడ్డున ఇసక తక్కువ, గులకరాళ్లు ఎక్కువ. రాజుగారి పేరు చిత్రరథుడు, రాణిగారి పేరు కుముదవల్లి. వాళ్లకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఉదగ్రుడికి వేట పిచ్చి. రెండోవాడు ఉత్తంగుడికి వీణ పిచ్చి. మూడోవాడు ఉపలుడికి రాళ్ల పిచ్చి.

అవును, రాళ్లే. నవ్వకండి. మీరు జేబుల్లో దాచుకునేవి ఏమిటో నాకు తెలీదనుకున్నారా?

ఏట్లో చారల రాళ్లనేవి కొన్ని దొరికేవి. పైకి చూస్తే కందగడ్డలా మొరటుగా, మట్టిరంగులో ఉంటాయి. కాలికి తగిలితే తిట్టుకుంటూ పోతాం. ఉపలుడు మాత్రం దాన్ని ఇంటికి తెచ్చేవాడు. తీగకి కురువిందమనే గట్టిరాయి పొడి అద్ది, ఓపిగ్గా అటూ ఇటూ లాగి రెండు చెక్కలు చేసేవాడు. లోపల చూస్తే పొర మీద పొర, చార పక్కన చార. ఒకటి తేనెరంగు, ఒకటి పాలరంగు, ఒకటి పొగరంగు. ఆ చెక్కని సానచక్రం మీద పట్టి, అద్దంలా మెరిసేదాకా నునుపు చేసేవాడు. అమ్మేవాడు కాదు, ఉంగరాల్లో పొదిగించేవాడు కాదు. అదో సరదా, అంతే.

సానపట్టేటప్పుడు రాయి మీద నీళ్లు పడుతూ ఉండాలి. లేకపోతే రాయి వేడెక్కి చిట్లుతుంది, దుమ్ము లేచి ముక్కులోకి పోతుంది. ఆ నీళ్లు పోసే పని రాణిగారిది. చుట్టూ బోలెడంతమంది దాసీలున్నా ఆవిడే చెంబు పట్టుకుని కొడుకు పక్కన పీట వేసుకుని కూచునేది.

"ఒరేయ్, ఇంకా ఎంతసేపురా? చెయ్యి లాగేస్తోంది," అనేది.

"ఇంకొక్క పొరమ్మా."

"నిన్న కూడా ఇదే అన్నావు. నీ 'ఇంకొక్క పొర'కి నా జుట్టు నెరిసింది."

అయినా లేచేది కాదు.

ఇలా ఉండగా ఒకరోజు రాళ్లు అమ్ముకునేవాడొకడు కోటలోకి వచ్చాడు. పొగలాంటి జుట్టు, పొడుగాటి నాలుక. వాడు తన సంచిలోంచి ఒక్కో రాయీ తీసి, నాలుకతో నాకి, "చూశారా రంగు!" అని చూపించేవాడు. తడిస్తే గాని మొరటురాయి రంగు తెలీదు కదా, అందుకని. ఛీ అనకండి, రాళ్ల పిచ్చి ఉన్నవాళ్లందరూ చాటుగా ఆ పని చేస్తారు.

వాడు ఉపలుణ్ణి గానీ, అతని రాళ్లని గానీ చూడలేదు. నీళ్లు పోస్తున్న రాణిగారిని చూశాడు. "అబ్బ! ఎన్ని నవ్వులు, ఎన్ని దిగుళ్లు! ఈవిడే రాయైతే ఎన్ని చారలుంటాయో!" అన్నాడు. అలా అని చిటికె వేశాడు. గుప్పున పొగ లేచింది. పొగ పోయాక చూస్తే అమ్మ లేదు, వాడూ లేడు. చెంబు దొర్లుతోంది. సానచక్రం ఒట్టిగా తిరుగుతోంది.

వాడు ధూమకేశుడనే మాంత్రికుడు. ఏడు సముద్రాల అవతల ఉంటాడు. వాడికీ మన ఉపలుడికీ ఒకటే సరదా. కాకపోతే వాడు మనుషుల్ని రాళ్లు చేసి, అరల్లో పేర్చుకుని, పొద్దున్నొకసారీ సాయంత్రమొకసారీ నాక్కుంటాడు.

రాజుగారు మంచం పట్టారు. పెద్దవాడు కత్తి తీసుకుని బయల్దేరాడు. మొదటి సముద్రం దగ్గరకెళ్లి దాన్ని కత్తితో నరికాడు. సముద్రం మళ్లీ కలిసిపోయింది. పాపం, తిరిగొచ్చాడు. రెండోవాడు వీణ తీసుకుని బయల్దేరాడు. సముద్రానికి మోహన రాగం వాయించాడు. సముద్రం బాగా విని, పెద్ద అల పంపి వీణని తీసేసుకుంది. వాడూ తిరిగొచ్చాడు. అప్పుడు మూడోవాడు తన సానచక్రాన్ని వీపుకి కట్టుకుని బయల్దేరాడు.

ఒడ్డున ఒక ముసలి తాబేలు పడుకుని మూలుగుతోంది. దాని డిప్ప నిండా నాచు, గుల్లలు.

"ఏం అవ్వా, ఏమైంది?" అన్నాడు ఉపలుడు.

"ఏం చెప్పను మనవడా, వీపు మీద ఊళ్లకి ఊళ్లు కాపురం పెట్టాయి. ఈడ్చలేకపోతున్నా. వయసులో ఉన్నప్పుడు చూడాల్సింది నన్ను! చేపలు నా డిప్పలో మొహం చూసుకునేవి."

ఉపలుడు కూచుని గుల్లలన్నీ గీకి, డిప్పకి మెరుగు పెట్టాడు. తాబేలు మెడ వెనక్కి తిప్పి చూసుకుంది. మళ్లీ చూసుకుంది. "ఎక్కు నాయనా! ఏడు సముద్రాలేం ఖర్మ, ఎనిమిదోది ఉంటే అదీ దాటిస్తా!" అంది.

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో అవ్వ రెండు గుక్కలు ఎక్కువ మింగి, పాటలు పాడుతూ మూడుసార్లు గుండ్రంగా తిరిగింది. నేతి సముద్రంలో జర్రున జారారు. పెరుగు సముద్రంలో ఇరుక్కుపోయి తోసుకుంటూ పోయారు. పాల సముద్రంలో మీగడ తింటూ వెళ్లారు. ఉపలుడు తినలేదు లెండి. వాడు ఏడో సముద్రం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. ఏడోది మంచినీళ్ల సముద్రం. దాని మధ్యలో ధూమకేశుడి దీవి.

దీవి మీద పొడుగాటి వసారా. వసారా నిండా అరలు. అరల నిండా కందగడ్డల్లాంటి రాళ్లు. అన్నీ ఒకేలా ఉన్నాయి. వాటిల్లో ఏది అమ్మ?

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు మాంత్రికుడు. రాళ్లు నాకీ నాకీ వాడి నాలుక గరుకెక్కిపోయి, మాట నత్తినత్తిగా వస్తోంది.

"సానపట్టేవాణ్ణయ్యా. మీరు రాళ్లని ఊరికే నాకుతారెందుకు? నాకిస్తే ఎప్పుడూ తడిసి ఉన్నట్టే మెరిసేలా చేసిపెడతాను."

మాంత్రికుడి కళ్లు మెరిశాయి. కానీ తెలివైనవాడు, మనుషుల రాళ్లివ్వలేదు. మామూలు రాళ్లు మూడు తెచ్చాడు. "మొదటిదాంట్లో కన్ను కనబడాలి. రెండోది పువ్వు రేకంత పల్చన కావాలి. మూడోదాంట్లో ఏముందో నాకే తెలీదు, ఉన్నదేదో బయటికి రావాలి. చేస్తే పనిలో ఉంటావు. చెయ్యకపోతే అరలో ఉంటావు," అన్నాడు.

ఉపలుడు మొదటి రాయి కోశాడు. సరిగ్గా గుండ్రటి చారల మధ్యకి తీగ దిగింది. కన్ను కనబడింది.

రెండో రాయి పట్టాడు. నీళ్లు పోసేవాళ్లు లేరు. చక్రం తిరుగుతూంటే తెల్లటి దుమ్ము లేచింది. వసారా చివర ఒక పంజరం వేలాడుతోంది, అందులో ముసలి చిలక. దుమ్ము వెళ్లి దాని ముక్కులో దూరింది. చిలక తుమ్మింది. హాచ్! అదే క్షణంలో మాంత్రికుడూ తుమ్మాడు. హాచ్! చిలక రెండుసార్లు తుమ్మింది. మాంత్రికుడూ రెండుసార్లు తుమ్మాడు.

ఏం, మీకు అర్థమైపోయిందా? ఉపలుడికీ అర్థమైంది. అయినా ఏమీ ఎరగనట్టు, "ఏంటయ్యా, జలుబా?" అన్నాడు.

"నీళ్లు పోసుకో వెధవా!" అన్నాడు మాంత్రికుడు ముక్కు తుడుచుకుంటూ.

"ఒక చేత్తో రాయి పట్టుకుని, ఇంకో చేత్తో చక్రం తాడు లాగుతున్నా కదయ్యా."

అప్పుడు తాబేలవ్వ నోటినిండా నీళ్లు తెచ్చి పోసింది. రెండో రాయి రేకంత పల్చనైంది.

మూడో రాయి పట్టాడు. పై పెచ్చు పోయింది, ఎర్రటి చార. అది పోయింది, నీలం. మాంత్రికుడు దగ్గరికి జరిగాడు. నీలం కింద ఏదో కొండలా, కొండ వెనక ఏదో వెలుగులా కనబడుతోంది. మాంత్రికుడికి ఊపిరాడలేదు.

"అయ్యా, నా చెయ్యి నొప్పిగా ఉంది, కాసేపు చక్రం తాడు లాగుతారా? మధ్యలో మాత్రం ఆపకండి, ఆపితే రాయికి గాటు పడుతుంది. అవ్వ నీళ్లు పోస్తుంది, రాయిని ఈ చెక్క బిగింపు కదలకుండా పట్టుకుంటుంది," అన్నాడు ఉపలుడు.

మాంత్రికుడు తాడు అందుకున్నాడు. ఇక అయిపోయాడు. రాళ్ల సరదా ఉన్నవాడు రంగు విచ్చుకుంటున్న రాయి ముందునించి లేవలేడు. ఇల్లు తగలబడుతోందన్నా "ఇంకొక్క పొర" అంటాడు. ఉపలుడు తీరిగ్గా లేచి, వసారా చివరికి నడిచి, పంజరం తలుపు తీశాడు. చిలక వాడి చేతి మీదికి ఎక్కి కూచుంది.

"మెడ విరిచేస్తావా బాబూ?" అంది చిలక.

"ఎందుకు? నువ్వేం చేశావు?"

"నన్నెవరూ ఇలా అడగలేదు," అంది చిలక. ఎగిరి వాడి భుజమెక్కింది.

మాంత్రికుడు తల తిప్పి చూశాడు. చేతిలో తాడు జారిపోయింది. మోకాళ్ల మీద పడ్డాడు.

"మా అమ్మేది?" అన్నాడు ఉపలుడు.

మాంత్రికుడు నాలుగో అరలోంచి ఒక రాయి తీసి వాడి చేతిలో పెట్టాడు.

"మనిషిని చెయ్యి."

"నా చేతిలో లేదు. ఒట్టు! చిలక మీద ఒట్టు! రాయి చెయ్యడమే వచ్చు నాకు, విప్పడం రాదు. సానపట్టాలి. లోపలినించి వెలుగు కనబడేంత పల్చన కావాలి. అప్పుడు బయటికొస్తుంది." వాడు తల వంచుకున్నాడు. "అయితే ఒకటుంది. ఈ పొరలు ఆవిడ బతికిన రోజులు. లోపల ఉన్నవి పాతవి, పైనున్నవి మొన్నటివి. అరిగిపోయిన పొర మళ్లీ రాదు. ఏ పొర పోతే ఆ రోజులు ఆవిడ మరిచిపోతుంది."

"పగలగొడితే?"

"రాయి పగిలితే మనిషి పగులుతుంది."

ఉపలుడు రాయి వంక చూశాడు. వాడు ముగ్గురిలో చివరివాడు. అమ్మ బతికిన రోజుల్లో వాడున్న రోజులన్నీ పైపొరల్లోనే ఉన్నాయి.

నేనిప్పుడు ఎగతాళి చెయ్యబోవడం లేదు. మీరూ కాసేపు కదలకండి.

వాడు మాంత్రికుడి చేతికి చెంబిచ్చి, "నీళ్లు పొయ్యి," అన్నాడు. చక్రం తిప్పాడు.

పెచ్చు పోయింది. నీళ్లు పడగానే రాయి మీద బొమ్మ కట్టింది. ఒక అబ్బాయి వంగి రాయి పట్టుకున్నాడు, పక్కన అమ్మ చెంబు పట్టుకుని నవ్వుతోంది. ఉపలుడు రాయెత్తి ఎండకి పట్టి చూశాడు. వెలుగు రాలేదు. మళ్లీ చక్రం మీద పెట్టాడు. బొమ్మ బూడిదరంగు నీళ్లయి తొట్టిలోకి కారిపోయింది.

దాని కింద తేనెరంగు పొర. కొత్తగా మీసాలొచ్చిన కొడుకుని చూసి అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఎండకి పట్టాడు. వెలుగు రాలేదు.

దాని కింద పొగరంగు పొర. జ్వరమొచ్చిన పిల్లాడి నుదుటి మీద తడిగుడ్డ. అమ్మ కళ్లు నిద్రలేక ఉబ్బి ఉన్నాయి. ఎండకి పట్టాడు. వెలుగు రాలేదు.

పలక పగలగొట్టుకుని ఏడుస్తున్న పిల్లాడు పోయాడు. గడప పట్టుకుని లేచి నిలబడ్డ పిల్లాడు పోయాడు. చివరికి గులాబిరంగు పొర తేలింది. అంత అందమైన రంగు వాడు ఎన్నడూ చూడలేదు. గుడ్డల్లో చుట్టిన ఎర్రటి పసివాడు. వాడి వేళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టుకుంటున్న అమ్మ.

ఉపలుడి చేతులు ఆగిపోయాయి.

"ఇక్కడితో ఆపెయ్యి," అన్నాడు మాంత్రికుడు. వాడి గొంతులో కపటం లేదు, పాపం, మనస్ఫూర్తిగానే చెప్పాడు. "మెరుగు పెట్టి దాచుకో. నిన్నెత్తుకున్న అమ్మ ఎప్పటికీ నీ దగ్గరే ఉంటుంది. ఇదొక్కటే మిగిలింది నీకు. ఇది కూడా పోగొట్టుకుంటావా? నేనైతే ఆపేస్తాను."

"నువ్వైతే ఆపేస్తావు," అన్నాడు ఉపలుడు.

"చూడు ఎలా ఉందో!"

"చూశాను. చాలా బావుంది. నీళ్లు పొయ్యి."

గులాబిరంగు నీళ్లు తొట్టిలోకి కారాయి. రాయెత్తి ఎండకి పట్టాడు. రాయిలోంచి సూర్యుడు కనబడ్డాడు.

అమ్మ వసారాలో నిలబడి ఉంది, చీర కుచ్చెళ్లు సర్దుకుంటూ. జుట్టు నెరిసే ఉంది, మొహం మీద ముడతలూ ఉన్నాయి. చూపు మాత్రం పసిపిల్లల తల్లి చూపు. కంగారుగా చుట్టూ చూసింది.

"పిల్లలేరీ? పెద్దాడు గుర్రాల దగ్గరికి పోలేదు కదా? చిన్నాడు పాలు తాగాడా?"

'చిన్నాడు' అనగానే ఉపలుడు నోరు తెరిచాడు. అంతలో వాడికి తట్టింది, అమ్మ అడుగుతున్నది ఉత్తంగుడి గురించి. నోరు మూసుకున్నాడు.

"మీరెవరు బాబూ?" అంది అమ్మ.

"సానపట్టేవాణ్ణమ్మా. మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాను."

అరల్లో మిగతా రాళ్లు చాలా ఉన్నాయి. ఉపలుడు ఒక చక్రం చేసి పెట్టి, సానపట్టడం మాంత్రికుడికే నేర్పి, వాడు మాట వినకపోతే తన దగ్గరికి ఎగిరొచ్చెయ్యమని చెప్పి చిలకని వాడి నెత్తిన కూచోబెట్టాడు. "ప్రతి పొరకీ ఎండకి పట్టి చూడాలి. ఒక్క పొర కూడా ఎక్కువ పోకూడదు," అన్నాడు. చిలక వెంటనే పెత్తనం మొదలుపెట్టింది. "నీళ్లు పొయ్యి! ఎండకి పట్టు! మెల్లిగా, మొద్దూ!" అలా ఒక్కొక్కళ్లే బయటపడి ఇళ్లకి వెళ్లారు. కొందరు ఇరుగుపొరుగుతో గొడవలు మరిచిపోయి హాయిగా బతికారు. కొందరు మరిచిపోయినవి మాత్రం గొడవలు కావు.

దారిలో తాబేలవ్వ ఊరుకోలేదు. "చెప్పవేంరా?" అని గొణిగింది. పాల సముద్రం మధ్యలో ఉపలుడు చెప్పాడు. అంతా చెప్పాడు. అమ్మ చాలా శ్రద్ధగా వింది. మిగిలిన సముద్రాలన్నీ ఆలోచించింది. ఉప్పు సముద్రంలోకి వచ్చాక అంది, "మీరు అబద్ధమాడేవాళ్లలా లేరు. కానీ ఎంత వెతికినా దొరకట్లేదు బాబూ. ఏమీ అనుకోకండి."

"ఫర్వాలేదమ్మా," అన్నాడు.

గులకవరంలో దీపాలు పెట్టారు, మేళాలు వాయించారు. రాజుగారు మంచం దిగి ఎదురొచ్చారు. పెద్దకొడుకు గడ్డం చూసి అమ్మ మొదట బెదిరింది. తర్వాత "ఆ ముక్కు వీడిదే!" అని ముక్కు పట్టుకు లాగింది. రెండోవాణ్ణి ఒళ్లో కూచోబెట్టుకోబోయి, వాడి బరువుకి అబ్బా అంది. అందరూ నవ్వారు. భోజనాల దగ్గర, "ఆయనకి ఇంకొంచెం నెయ్యి వెయ్యండి, మొహమాటపడుతున్నారు," అంది ఉపలుణ్ణి చూపించి. ఉపలుడు నెయ్యి వేయించుకున్నాడు. తల వంచుకుని అన్నమంతా తిన్నాడు.

సానచక్రం మాత్రం మళ్లీ ముట్టుకోలేదు.

రోజులు గడిచాయి. అమ్మ తన వంతు తను చేసింది. ఉపలుడికి ఏ కూర ఇష్టమో వంటవాళ్లని అడిగింది. వాడి పుట్టినరోజు ఎప్పుడో పురోహితుణ్ణి అడిగింది. కనిపించినప్పుడల్లా కుశలమడిగింది. అంత మర్యాద ఏ కొడుక్కీ రాకూడదు.

ఇంతలో పొరుగురాజు కూతురు నీలోత్పల ఈ సంగతంతా విని, "రాయితోనే అంత ఓపికున్నవాడు, చేసుకుంటే ఆయన్నే చేసుకుంటాను," అంది. పెళ్లి కుదిరింది, పెళ్లి జరిగింది. పెద్దవాడు అడవిలో, రెండోవాడు కొత్త వీణ దగ్గర ఉండిపోవడం వల్ల, కదలకుండా ఒకచోట కూచోగలిగిన ఉపలుడికే రాజ్యం దక్కింది. వాడు చాలా కాలం, చాలా చక్కగా ఏలాడు. ఇదంతా మీకు ముందే తెలుసు, కథలన్నీ ఇలాగే అవుతాయి కదా. అందుకే దాన్ని గబగబా చెప్పేశాను. పెళ్లికి ముందు, పెళ్లికొడుకుని చేసిన రోజున జరిగింది చెప్పి ఆపేస్తాను.

ఆ పొద్దున ఉపలుణ్ణి పెరట్లో పీట మీద కూచోబెట్టారు. మొదట తల్లి మాడున నూనె పెట్టాలి. ముత్తయిదువలందరూ రాణిగారి వంక చూశారు. ఆవిడ నూనె గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"నేనా? నేను పెట్టొచ్చా?" అంది మెల్లిగా.

ఉపలుడు తల వంచాడు.

అమ్మ ఒక అరచేతి నిండా నూనె పోసుకుని వాడి నడినెత్తిన పెట్టింది. పరాయివాళ్ల తల ముట్టుకున్నట్టు ముందు వేళ్ల చివర్లతో అద్దింది. తర్వాత అరచేత్తో రుద్దింది. జుట్టు పాయలు తీసి కుదుళ్లలోకి రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది.

"అయ్యయ్యో! ఇదేంటి, ఇక్కడో సుడీ, ఇక్కడో సుడీ! ఒరేయ్, రెండు సుడులున్నాయిరా నీకు! రెండు పెళ్లిళ్లవుతాయి! ఆ పిల్లకి ముందే చెప్పావా లేదా?"

పెరడంతా గొల్లుమంది. అమ్మ కూడా కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వుతూనే వాడి తల మీద ఒక్కటి మొట్టి, మళ్లీ నూనె రుద్దడం మొదలుపెట్టింది.

ఉపలుడి కళ్లనించి నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏమైందిరా అంటే, కుంకుడు రసం పడిందన్నాడు.

కుంకుడు రసం ఇంకా ఎవరూ తేలేదు.